ఇంటిలోనే ఒక పాటల కేంద్రం

(నరసరావుపేటలో జరిగిన మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాల సమయం ఇచ్చారు. డి.ఏ. బకాయిల మీద మాట్లాడవలసినవారు నా తరువాత ఉన్నారు. మీ చెవులన్నీ అటే ఉంటాయని నాకు తెలుసు కనుక తొందరగానే ముగిస్తాను. నేను మనవి చేయదలచినది ఇంటిలో పాటలు వినే ఒక ఏర్పాటు గురించి. "ఈ వయసులో ఇదేం సరదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. పూర్తిగా విన్న తరువాత అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

నేను టెలిఫోను శాఖలో మెకానిక్‌గా చేరి గురజాల, మాచర్ల, పిడుగురాళ్ళ ఎక్స్‌ఛేంజీలలో పనిచేశాను. 2000 అక్టోబరు 1న శాఖ బి.ఎస్.ఎన్.ఎల్.గా మారింది. ఆ తరువాత కొన్నేళ్ళకు రిటైరయ్యాను. కంప్యూటరు నేను ఉద్యోగంలో నేర్చుకున్నది కాదు, మనవడి దగ్గర నేర్చుకున్నది. అయితే ఇంటి నెట్‌వర్కు అనేది చూశాక ఇది మనకు తెలిసిన విద్యే కదా అనిపించింది. ఎలాగో చెబుతాను.

పెద్ద ఆఫీసుల్లో వెనుకటికి ఒక చిన్న ఎక్స్‌ఛేంజి పెట్టేవాళ్ళం. మేనేజరుగారి గదికి ఒక నంబరు, క్యాషియరుకు ఒక నంబరు, గుమాస్తాలకు ఒక నంబరు. ఆ గదులవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవటానికి బయటి లైనుతో పనిలేదు, ట్రంకు కాల్ ఛార్జీ లేదు. ఊళ్ళో స్తంభం పడిపోయినా లోపలి ఫోన్లు మోగేవి. ఇప్పుడు మీ ఇంట్లో ఇంటర్నెట్టువాడు బిగించిపోయిన రౌటరు అనే డబ్బా అటువంటిదే. దానికి బయటి లైను ఒకటి ఉంటుంది, లోపలి లైన్లు అనేకం ఉంటాయి. మనలో చాలామంది బయటి లైనునే వాడుకుంటున్నాం. లోపలి ఎక్స్‌ఛేంజి ఊరికే పడి ఉంటున్నది. ఆ లోపలి లైన్ల మీద, నెల బిల్లుతో సంబంధం లేకుండా, ఒక గదిలో ఉన్న పాటను మరో గదికి పంపవచ్చు. నేను చేసింది అంతే.

నా ఇంట్లో నంబర్లు కూడా ఆ పద్ధతిలోనే ఉన్నాయి. పాటలు దాచిన కంప్యూటరు నంబరు 192.168.1.10. అన్నయ్య గదిలో పాడే పెట్టె నంబరు చివర 11. రౌటరు తన ఇష్టం వచ్చినట్లు నంబర్లు మారుస్తుంటుంది. అలా మార్చకుండా ఫలానా పెట్టెకు ఫలానా నంబరే ఉంచమని దానికి చెప్పి పెట్టుకోవాలి. నంబరు మారితే చందాదారు దొరకడు, ఇది మన శాఖవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

'స్ట్రీమింగ్' అన్న మాట పిల్లల నోట వింటున్నారు కదా. పాటనంతా ముందుగా తెచ్చి పెట్టుకోకుండా, పారుతూ ఉండగానే వినటం. సాగర్ కుడి కాలువ కింద ఉన్నవాళ్ళం కనుక మనకు ఇది తేలికగా అర్థమవుతుంది. కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఊరి చెరువు నింపుకుంటాం, కాలువ కట్టేసినప్పుడు ఆ చెరువు నీళ్ళు తాగుతాం. పాడే పెట్టెలో కూడా కొన్ని క్షణాల పాట ముందుగా నిలవ ఉండే చిన్న చెరువు ఒకటి ఉంటుంది. దారిలో కాస్త అంతరాయం వచ్చినా పాట తెగదు. అంతరాయం ఎక్కువైతే మాత్రం చెరువు ఎండుతుంది, పాట ఆగుతుంది.

సరే, ఇదంతా ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెప్పాలి.

మా అన్నయ్య స్కూలు మాస్టారుగా రిటైరయ్యాడు. ఉద్యోగం బడిలో అయినా ప్రాణమంతా రంగస్థలం మీదనే. 'సత్య హరిశ్చంద్ర'లో నక్షత్రకుడు, 'రాయబారం'లో అర్జునుడు, మనిషి తక్కువైతే కాలకౌశికుడు. దాచేపల్లి, పిడుగురాళ్ళ, కారెంపూడి, ఎక్కడ తిరునాళ్ళ జరిగినా వెళ్ళేవాడు. హరిశ్చంద్ర కాటిసీనులో మన వినుకొండ జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడే ఆనవాయితీ మీకందరికీ తెలిసినదే. ఆ పద్యాలు వచ్చేసరికి తన వేషం అయిపోయినా తెర పక్కన నిలబడి వినేవాడట. వెళ్ళిన ప్రతి చోటికీ ఒక చిన్న టేపురికార్డరు తీసుకుపోయి, హార్మోనిస్టు పక్కన పెట్టి నాటకాన్ని ఎక్కించుకునేవాడు. అలా మిగిలినవి ముప్పై ఎనిమిది క్యాసెట్లు.

ఆరేళ్ళ క్రితం అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పలేడు. ఎడమచేత్తో సైగ చేస్తాడు. మాట పోయినవారిలో కొందరికి పాట మిగులుతుందని వైద్యులు చాలాకాలం నుంచి గమనిస్తున్నారు. అమెరికాలోని బోస్టన్ వైద్యులు 1973లో దీని ఆధారంగా రాగంతో మాట నేర్పే ఒక చికిత్సను కూడా ప్రకటించారు. అందరికీ గుణం ఇవ్వదు. అన్నయ్యకు మాటలు రాలేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కాని హార్మోనియం శ్రుతి చెవిన పడితే గొంతులో రాగం కదులుతుంది. అందుకే ఆ ముప్పై ఎనిమిది క్యాసెట్లు అటక మీద నుంచి దింపాను.

డబ్బు కట్టి పాటలు వినే సౌకర్యాలు ఫోనులో ఎన్నో ఉన్నాయి కదా అని మా అల్లుడు అడిగాడు. ఉన్నాయి. సినిమా పాటలకు అవే హాయి, నేనూ వాటిలోనే వింటాను. కాని దాచేపల్లి తిరునాళ్ళలో అర్ధరాత్రి రెండు గంటలకు పాడిన పద్యం ఏ కంపెనీ దగ్గరా లేదు. ఉన్నది మా అటక మీదనే.

ఇక పని గురించి. క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో లోకానికి చూపించింది. అందులో టేపు సెకనుకు ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వేగంతో నడుస్తుంది. ప్లాస్టిక్ రిబ్బను మీద అయస్కాంతపు పొడి పూత, అంతకు మించి ఏమీ లేదు. మన ఎండలకు, వానాకాలపు చెమ్మకు అది ఇన్నాళ్ళు నిలవటమే గొప్ప. అన్నిటికంటె ముందు చేయవలసింది క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరగ్గొట్టటం. అప్పుడు పొరపాటున మీట నొక్కినా పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కదు. తరువాత కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. తెల్లగా బూజు ఉంటే దాన్ని యంత్రంలో పెట్టకూడదు. బూజు యంత్రానికి అంటుకొని అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. అటువంటివి నావి నాలుగున్నాయి. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట కూర్చొని, పెన్సిలుతో నెమ్మదిగా తిప్పుతూ మెత్తటి పొడి గుడ్డతో తుడుచుకున్నాను. టేపు తెగితే మామూలు జిగురు టేపుతో అతికించవద్దు, ఆ జిగురు కరిగి పక్క చుట్టుకు అంటుకుంటుంది. అందుకని ప్రత్యేకమైన టేపు దొరుకుతుంది.

వాయించే డెక్కు నాకు ఒక పాత మెకానిక్కు దగ్గర దొరికింది. రబ్బరు బెల్టు మార్పించి, హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. హెడ్డు పక్కన ఒక చిన్న మర ఉంటుంది. పాట వింటూ దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే ఒకచోట తాళాల శబ్దం తేటగా పలుకుతుంది. అక్కడ ఆపాలి. ఏ రికార్డరు మీద ఎక్కించారో దాని హెడ్డు ఏ కోణంలో ఉన్నదో మనకు తెలియదు కనుక ప్రతి క్యాసెట్టుకూ ఇలా చెవితోనే సరిచూసుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే సగం మురికి వదిలినట్లే. డబ్బిచ్చి చేయించుకునేచోట ఇంత ఓపిక పట్టరు. అందుకే సొంతంగా చేసుకోమంటాను.

డెక్కు నుంచి యు.ఎస్.బి. సౌండ్ కార్డు ద్వారా కంప్యూటరుకు, అక్కడ ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులోకి. ఇందులో అడ్డదారి లేదు. గంట క్యాసెట్టుకు గంట సమయం పడుతుంది. మనకు లేనిది ఏమైనా ఉందంటే అది సమయం మాత్రం కాదు కదా! రోజుకు ఒకటి చొప్పున, పొద్దున్నే కాఫీ తరువాత మొదలుపెట్టి, ముప్పై ఎనిమిదింటినీ నెలన్నరలో పూర్తిచేశాను. సి.డి. నాణ్యతలో ఎక్కిస్తే నిమిషానికి సుమారు పది మెగాబైట్లు, గంటకు ఆరువందల ముప్పై అయిదు. ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో అటువంటి గంటలు పదిహేను వందలకు పైగా పడతాయి. కాబట్టి చోటు గురించి పీనాసితనం అక్కరలేదు. ముందు పూర్తి నాణ్యతతో ఒకటి ఉంచుకొని, దానిలోంచి ఎమ్.పి.3 చిన్న ప్రతులు చేసుకోవచ్చు. చిన్నదాని నుంచి పెద్దదాన్ని మళ్ళీ రాబట్టలేం.

పాటలు దాచి, అడిగిన గదికి పంపే పెట్టెగా మా అబ్బాయి వదిలేసిన పాత లాప్‌టాప్‌ను పెట్టాను. అందులో నడిచేది లిరియన్ మ్యూజిక్ సర్వర్. దీని కథ చెప్పుకోదగ్గది. అమెరికాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ 2001లో ఇంటి నెట్‌వర్కు మీద పాటలు వాయించే పెట్టెను తయారుచేసింది. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొన్నది. 2012లో ఆ పెట్టెల తయారీ ఆగింది. 2024లో వాటికి తోడుగా ఉన్న ఇంటర్నెట్ సేవ కూడా మూతపడింది. కాని ఇంట్లో నడిచే సాఫ్ట్‌వేరు మొదటి నుంచీ అందరికీ బహిరంగంగా ఇచ్చినది కనుక, అభిమానులే దాన్ని భుజాన వేసుకొని లిరియన్ అని పేరు మార్చి ఉచితంగా నడుపుతున్నారు. పై ఊళ్ళో దుకాణం మూసినా ఇంట్లో రోలు ఇంట్లోనే ఉన్నట్టు.

అన్నయ్య గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు ఉన్నది. దాని శబ్దం వెళ్ళేది ఎక్కడికంటే, మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఉన్న టూ-ఇన్-వన్ స్పీకర్లలోకే. దానిలో టేపు నడవటం మానేసి చాలాకాలమైంది కాని గొంతు బాగానే ఉన్నది. అన్నయ్యకు అలవాటైన వస్తువులోంచే పాట వస్తుంటే బాగుంటుందని అలా చేశాను.

వై-ఫై దగ్గర మాత్రం మన పల్నాడు ఇళ్ళతో ఒక చిక్కు ఉన్నది. మాది పాతకాలపు రాతి ఇల్లు, రెండడుగుల గోడలు. ముందు గదిలో రౌటరు ఉంటే వెనుక గదికి సంకేతం చచ్చీ చెడీ వచ్చేది. దానికి ఖరీదైన మందులు చాలా చెబుతారు. నేను మాత్రం పెరటి గోడ వెంబడి పద్ధెనిమిది మీటర్ల నెట్‌వర్కు తీగ లాగాను. ఈ తీగ వంద మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది. లైన్‌మన్‌గా స్తంభాలెక్కినవాడికి గాలి కంటె తీగ మీదనే నమ్మకం, ఏం చేస్తాం.

రెండు గదుల్లో ఒకేసారి ఒకే పాట వినాలంటే ఇంకొక ఇబ్బంది ఉన్నది. కోటప్పకొండ తిరునాళ్ళలో దారి పొడుగునా మైకులు కడతారు. దగ్గరి మైకులో మాట వినబడ్డాక వంద మీటర్ల అవతలి మైకులోని అదే మాట సెకనులో మూడోవంతు ఆలస్యంగా వస్తుంది. మాట మాటను తొక్కేస్తుంది. ఇంట్లో దూరం తక్కువే కాని, ఏ పెట్టె గడియారం దానిదే కనుక అవి ఒకటి ముందూ ఒకటి వెనుకా నడుస్తాయి. సర్వరు ఆ రెంటినీ గమనిస్తూ వెనుకబడినదాన్ని సర్దుతుంది. ఇప్పుడు మా వదినగారు వంటింట్లో, అన్నయ్య వెనుక గదిలో ఒకే పద్యం వింటారు.

అన్నిటికంటె ఎక్కువ ఆలోచించింది మీట గురించి. పిల్లల ఫోన్లలో వేలు జారిస్తే ఎక్కడికో పోతుంది. ఒంటిచేతి మనిషికి, అదీ అలవాటు లేని ఎడమచేతికి, అది పనికిరాదు. అంకెలు మాత్రమే ఉన్న చిన్న కీబోర్డు ఒకటి తెచ్చి, ఆరు మీటలకు ఆరు పనులు అప్పగించాం. ఒకటి హరిశ్చంద్ర, రెండు రాయబారం, మూడు షేక్ నాజర్ గారి పల్నాటి యుద్ధం బుర్రకథ, నాలుగు మా అమ్మ పాడిన మంగళహారతులు, అయిదు ముందుకు, ఆరు ఆపటానికి. దీనికి కావలసిన నాలుగు వాక్యాల ప్రోగ్రాము మనవడు రాశాడు. చీకట్లో తడుముకున్నా తెలియటానికి ఒకటో మీట మీద మా వదినగారు రాయి ఉన్న బొట్టుబిళ్ళ అంటించారు. ఈ ఏర్పాటు మొత్తంలో మెచ్చుకోదగిన ఇంజనీరింగు ఏదన్నా ఉంటే అది ఆ బొట్టుబిళ్ళేనని నా అభిప్రాయం.

కరెంటు పోతే పెట్టెలు ఒక్కసారిగా ఆరిపోయి మెమరీ కార్డు చెడుతుంది కనుక చిన్న యు.పి.ఎస్. పెట్టాను. మొత్తం పాటలకు రెండో ప్రతి మాచర్లలో మా అమ్మాయి ఇంట్లో ఉంచాను. ఒకే ఇంట్లో రెండు ప్రతులు ఉంటే దాన్ని రెండు అనకూడదు. ఈ ఏర్పాటును బయటి లైనుకు తెరవవద్దు. ఎవరైనా ఫోను చేసి మీ పాటల పెట్టెకు ఓ.టి.పి. కావాలంటే పెట్టేయండి, పాటకు ఓ.టి.పి. లేదు. కొన్న సినిమా క్యాసెట్లను ఎక్కించుకుంటే ఇంట్లోనే వినండి, ప్రతులు తీసి పంచవద్దు. అవి మరొకరి హక్కులు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. యంత్రాల పని నెలన్నరలో అయింది. పేర్లు రాయటానికి ఎనిమిది నెలలు పట్టింది, ఇంకా అవలేదు. కంప్యూటరులోకి ఎక్కిన ప్రతి పద్యానికీ ఎవరు పాడారు, ఏ నాటకం, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది రాయాలి. లేకపోతే అది 'ట్రాక్ 1, తెలియని కళాకారుడు' అని చూపిస్తుంది. క్యాసెట్ల మీద అన్నయ్య రాసుకున్నవి పొడి అక్షరాలు. తెలిసినవాడు ఆయన ఒక్కడే, ఆయనకు మాట లేదు. రోజూ సాయంత్రం వదినగారు పక్కన కూర్చొని తనకు గుర్తున్న పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివేవారు. అవును అయితే అన్నయ్య చూపుడువేలు ఎత్తుతాడు. ఒకనాడు ఒక నారదుడి పద్యం దగ్గర ముప్పై పేర్లు చదివినా వేలు లేవలేదు. నేను ఇక చాలన్నాను. "ఉండు అబ్బాయీ, మీ అన్నయ్య చెయ్యి చూడు" అన్నారు వదినగారు. తన గుండె మీద కొట్టుకుంటున్నాడు. ఆ పాడింది తనే! మేం అందరి పేర్లూ చదివాం కాని ఆయన పేరు చదవలేదు. నారదుడు ఎప్పుడు వేశాడో వదినగారికి కూడా తెలియదు.

అలా ఇరవై ఏడు క్యాసెట్లు తేలాయి. పదకొండు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని మొన్న రెవెన్యూలో చేసిన మన సభ్యులొకరు మా ఇంటికి వచ్చినప్పుడు వినిపించాను. పాడినవారు తెలియదన్నారు. పద్యం ఎత్తుకునే ముందు హార్మోనిస్టు చిన్నగా దగ్గాడు. ఆయన కుర్చీలో ముందుకు వంగి "మళ్ళీ వెయ్యండి" అన్నారు. నాలుగుసార్లు వేయించుకున్నారు. అది వారి నాన్నగారి దగ్గు. నాన్నగారి హార్మోనియం తమ దగ్గర ఎక్కడా లేదన్నారు, ఫొటో మాత్రం ఉన్నదట. ఆ క్యాసెట్ ప్రతి వారికి ఇచ్చాను.

1970లలో జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు మన పల్నాడు వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య గారు పాడిన పల్నాటి వీరుల కథను టేపు మీద ఎక్కించుకున్నారు. దాని ఆంగ్లానువాదం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చింది. ఎవరు పాడారో ఆ పుస్తకంలో పేరుతో సహా ఉన్నది. అందువల్ల ఆ వీర విద్యావంతుడి పేరు ఈరోజు లోకానికి తెలుస్తున్నది. కారెంపూడి వీరుల తిరునాళ్ళలో పాడిన మిగతావాళ్ళ గొంతులు ఎన్ని ఇళ్ళలో పేరు లేకుండా ఉన్నాయో! రికార్డింగు చేయటం మన మనవళ్ళకు కూడా వస్తుంది, మనకంటె బాగా వస్తుంది. ఈ గొంతు ఎవరిదో చెప్పటం వాళ్ళకు రాదు. అది చెప్పగలిగినవాళ్ళు ఇవాళ ఈ హాలులో కూర్చున్నారు. పోయిన సంవత్సరం ఈ సమావేశానికి వచ్చినవారిలో ఏడుగురు ఈసారి లేరని కార్యదర్శిగారు ఇందాక చదివారు.

అందుచేత నా మనవి. ప్రతి నెలా రెండో శనివారం పది గంటలకు మన సంఘం ఆఫీసుకు నా డెక్కు, లాప్‌టాప్ తీసుకువస్తాను. మీ అటకల మీద ఉన్న క్యాసెట్లు తీసుకురండి. నాటకాలే కానక్కరలేదు. భజన, హరికథ, పెళ్ళిపాట, ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు ఏవైనా సరే. రాకముందు వాటిని పాత యంత్రాల్లో వేసి చూడవద్దు. తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి రబ్బరు బ్యాండుతో కట్టి తెండి. క్యాసెట్లు లేనివాళ్ళు కూడా రండి, మీ చెవులు కావాలి. ఖర్చు ఏమీ లేదు, టీ సంఘం ఇస్తుందని కోశాధికారిగారు తల ఊపుతున్నారు.

ఇప్పుడు నాకు ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి. మిగిలిన పదకొండిటిలోంచి ఒక ముక్క ఈ మైకులో వినిపిస్తాను. ఆడగొంతు, చంద్రమతి పద్యం. వెనుక ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినబడుతుంది, ఊరు నడికుడి కావచ్చునని మా వదినగారి ఊహ. గుర్తుపట్టినవారు దయచేసి చెయ్యి ఎత్తండి.